తోలు పగడాన్ని ముట్టుకోని తొమ్మిది రోజులు

కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో మ్యూజియం కీపరుగా పనిచేసినన్నాళ్ళూ పగడాలంటే నాకు తెల్లటి ఎముకలే. అద్దాల బీరువాలో ఉండేవి. వాటి మీద పొర కనిపిస్తే బూజన్నమాట. మెత్తటి కుంచెతో తుడిచి, తుడిచిన తేదీ డైరీలో రాసుకునేవాణ్ణి.

రిటైరయ్యాక ఏలూరులో ఇంట్లో నేనొక్కణ్ణే. మా ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయింది. తాడేపల్లిగూడెంలో ఒకాయన రంగుచేపల దుకాణంలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టాడని విని, చూడడానికి వెళ్ళాను. ప్రాణమున్న పగడాన్ని చూడడం అదే మొదటిసారి. ఒక ట్యాంకూ, పంపూ, రెండు పగడాలూ తెచ్చుకున్నాను. ఒకటి పుట్టగొడుగులా పరుచుకున్నది, ఇంకొకటి తోలుముక్కలా మందంగా ఉండి, ఒళ్ళంతా సన్నని వేళ్ళు చాచేది.

"రెంటికీ ఒకే రూలు పెట్టకండి మాస్టారూ. ఈ పుట్టగొడుగు నీడ మనిషి, నీళ్ళు కదిలితే చిరాకు. ఆ తోలు పగడం ఎండ మనిషి, నీళ్ళు ఆడుతుంటేనే హుషారు," అన్నాడు దుకాణదారు.

డైరీలో నిలువుగీత గీసి, చెరోవైపు రాసుకున్నాను. ప్రతి గురువారం ప్యాసింజరెక్కి వెళ్ళి ఆయనకు చూపించేవాణ్ణి. ఆయన చదివి ఏదో ఒకటి అనేవాడు. వారంలో నాతో ఎవరైనా అంతసేపు మాట్లాడేది అక్కడే.

రెండో నెలలో తోలు పగడం వేళ్ళు లోపలికి లాక్కుంది. మర్నాటికి దాని మీద మైనంలాంటి పొర కట్టింది. నా చెయ్యి దానంతటదే కుంచె మీదికి వెళ్ళింది. మూడు రోజులు పొద్దున్నే మెల్లగా తుడిచాను. అది ఇంకా ముడుచుకుపోయింది. అది చచ్చిపోతే గురువారాలు ఏం చెప్పుకుని రైలెక్కాలి? నా భయమల్లా అదే.

గురువారం దాకా ఆగలేక మంగళవారమే వెళ్ళాను. ఆయన డైరీ చదివి పగలబడి నవ్వాడు.

"రోజూ పళ్ళు తోమినట్టు తోముతున్నారా అండీ దాన్ని? అది చర్మం మార్చుకుంటోందండీ బాబూ!"

"చచ్చిపోలేదంటారా?"

"చస్తే కంపు కొడుతుందండీ, ఇంట్లో ఉండలేరు. పంపు మూతి కొంచెం దాని వైపు తిప్పండి, పొరను నీళ్ళే తీసుకుపోతాయి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి."

"ఎన్నాళ్ళు?"

"వారమో, పది రోజులో. దాని దగ్గర క్యాలెండర్ లేదు కదండీ."

కుంచెను అటక మీద పెట్టేశాను. ఆ వారం గురువారం వెళ్ళలేదు. చెప్పడానికేముంది? డైరీలో రోజూ ఒకటే మాట: మార్పు లేదు. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని వాసన చూసేవాణ్ణి. ఉప్పు వాసన తప్ప మరేమీ లేదు. పాలబ్బాయితో "అర లీటరు చాలు" అనడం తప్ప నోరు విప్పని రోజులున్నాయి. పుట్టగొడుగు పగడం మాత్రం నీడలో ఏమీ పట్టనట్టు పరుచుకుని ఉండేది.

దుకాణం నుంచి వచ్చిన తొమ్మిదో రోజు, గురువారం పొద్దున, పొర ఒక అంచున లేచి, ఉల్లిపొరలా ఊడి నీళ్ళలో తేలింది. గంట తరువాత సన్నని వేళ్ళు ఒకటొకటిగా బయటికి వచ్చాయి. టైము రాశాను. కలం మూశాక ఇల్లు మునుపటికంటే నిశ్శబ్దంగా అనిపించింది. పగడం బాగానే ఉంది. ఆయన దగ్గర కొన్న ట్యాంకు ఉప్పు ప్యాకెట్టు ఇంకా సగముంది. తాడేపల్లిగూడెం వెళ్ళడానికి పనేమీ లేదు.

ఆ పొరను చిన్న సీసాలో వేసి, నీళ్ళు పోసి, పాత అలవాటు కొద్దీ పేరూ తేదీ రాసిన చీటీ అంటించి బయలుదేరాను. రైలు భీమడోలు దాటేదాకా సీసా చేతిలోనే ఉంది.

దుకాణం నిండా జనం. వాళ్ళంతా వెళ్ళేదాకా గోడవారగా నిలబడ్డాను. ఆయన సీసాను వెలుగుకెత్తి చూశాడు.

"ఊడిందన్నమాట! మరి దీన్ని ఎందుకు తెచ్చారండీ?"

"మీకు చూపిద్దామని."

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, స్టూలు మీది మేత డబ్బాలు తీసి కింద పెట్టాడు.

"కూర్చోండి మాస్టారూ. డైరీ తెచ్చారా?"