పచ్చచుక్కలు

నరసరావుపేటలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే శ్రీలేఖ పని, ఒక కంటి ఆసుపత్రి వెబ్‌సైటు సరిగ్గా నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. అన్నం కలుపుతున్నా కళ్లు ల్యాప్‌టాప్ మీదే ఉంటాయి. చిరాకేస్తే జడ కొస పళ్లతో కొరుకుతుంది. ఆ ఉదయం తెరమీద, సైటు బాగుంటే పచ్చగా, పాడైతే ఎర్రగా మారే చుక్కలన్నీ పచ్చగానే ఉండగా నూజెండ్ల నుంచి మహాలక్ష్మి పిన్ని ఫోన్ చేసింది. "ఏందే ఇది? మీ బాబాయికి నిన్నట్నుంచి ఒక కన్ను ఆనట్లా. మీ సైట్లో ఎన్నిసార్లు నొక్కినా డాక్టర్ని చూసే టోకెన్ రావట్లా!" "సైటు బానే ఉంది పిన్నీ, మీ సిగ్నల్ చూసుకో," అనేసింది శ్రీలేఖ అలవాటుగా. అన్నాక మనసొప్పక తన ఫోన్లో నొక్కి చూసింది. మొదటి పేజీ టక్కున వచ్చింది గానీ, టోకెన్ దగ్గర చక్రం తిరుగుతూనే ఉంది. సైటుని కనిపెట్టే తమ ప్రోగ్రాము, మొదటి పేజీ తెరుచుకుంటే చాలని పచ్చచుక్క పెట్టేస్తోంది!

మేనేజరు పాండురంగారావుకి చెబితే, "పచ్చగానే ఉందిగా, నెలాఖర్లో రిపోర్టు పాడుచేయకమ్మా," అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. సైటు నడవట్లేదని చుక్కని తన చేత్తోనే ఎర్రగా మార్చేసింది. క్షణాల్లో కంపెనీ హైదరాబాదు ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. "ఇప్పుడే పడిపోయిందా?" "పొద్దుట్నుంచీ పడే ఉంది సార్. మీకిప్పుడు కనపడింది."

మధ్యాహ్నానికి బాగుచేశారు. "ఇప్పుడు నొక్కు పిన్నీ," అంది ఫోన్ చేసి సంబరంగా. "ఇంకెందుకే? బాబాయిని తీసుకుని బస్సెక్కి ఆసుపత్రికే వచ్చా. లైను రోడ్డుదాకా ఉంది. అందరూ టోకెన్ రానోళ్లేనంట."