గుమ్మం ముందు రెమ్మ

కింది ఫ్లాట్‌వాళ్లు దోమలకు కొబ్బరిపీచు రాజేశారు. పొగ మా బాల్కనీలోకి రాగానే నా చేయి దానంతటదే కొంగు తీసి తలమీద కప్పేసింది. మా ఆయన నవ్వారు. సత్తెమ్మ పిన్ని పోయి ఇన్నేళ్లయినా, పీచు పొగ వస్తే నేను ఆవిడ మాట వినాల్సిందే.

ఎనభైలలో సీతమ్మధారలో అద్దెకుండేవాళ్లం. పిన్నిది మా పక్క వాటా. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన ఊళ్లలో ఆవిడది ఒకటి. చుట్టుపక్కల ఎవరింట తేనెపట్టు పట్టినా పిన్నికే కబురు. ఆవిడ తేనె కోసం వెళ్లేది కాదు, ఈగలకు ఇల్లు మార్చడానికి వెళ్లేది.

ఒకసారి మా వరండాలోని మీటరు పెట్టెలోనే ఈగలు కాపురం పెట్టాయి. దాని కిందే మా పాప ఉయ్యాల. మా ఆయన కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిల్లో ముంచారు. కరెంటు పెట్టెకు నిప్పు పెట్టబోయిన మహానుభావుడు ఆయనే! పిన్ని పరుగున వచ్చి కర్ర లాక్కుంది.

"ఏటి బాబూ ఇది? పిల్లల తల్లుల్ని కాల్సీస్తావేటి? ఉయ్యాల్లో గుంటనెత్తుకుని లోపలికెల్లు. అమ్మాయ్, నువ్వు కొంగు నెత్తిమీదేసుకుని ఇటు రా."

మెయిన్ ఆపించి, పాత కుండలో పీచు రాజేసి, పొగ మెల్లగా ఊదింది. పట్టును రేకులుగా కోసి, పిల్లలున్న రేకుల్ని చెక్క చట్రాలకు అరటినారతో కట్టి ఒక పెట్టెలో నిలబెట్టింది. "పిల్లలున్నకాడికే తల్లులూను" అంది. పొద్దుగూకేసరికి ఈగలన్నీ నడుచుకుంటూ ఆ పెట్టెలోకి వెళ్లిపోయాయి.

పిన్ని వద్దంటున్నా మా ఆయన ఆ పెట్టెను పెరటిగోడ మీద పెట్టారు. మర్నాడు సగం ఈగలు మళ్లీ మీటరు చుట్టూ మూగాయి! పిన్ని పకపకా నవ్వింది.

"దగ్గర్లో ఎడితే పాత సోటికే పోతాయి. దూరం తీసికెల్లాల." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నన్నూ దగ్గర్లోనే దింపీసినారు అమ్మాయ్. అందుకే బస్సెక్కి ఎల్లిపోతన్నాను."

ఆవిడ వీలున్నప్పుడల్లా ఎక్కడికి వెళ్తుందో అప్పుడు తెలిసింది. తన ఊరున్న చోట క్వార్టర్లు లేస్తుంటే, కంచె బయట కాసేపు నిలబడి వచ్చేదట. మా ఆయన పని ఆ ఫ్యాక్టరీలోనే. సరిగ్గా అక్కడే మాకు క్వార్టరు వచ్చిందని ముందురోజే తెలిసింది. ఈ మనిషికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా వెళ్లను? చివరికి చెప్పేశాను.

పిన్ని పెట్టె మీద వాలిన ఈగను వేలితో మెల్లగా పక్కకు జరిపింది. తర్వాత, "జీడిసెట్టేదైనా ఉంచారేటి?" అని అడిగింది.

"పెరట్లో ఒకటుందట పిన్నీ."

"అయితే ఈగలు అక్కడికే ఎల్తాయి."

మేం ఇల్లు మారేదాకా పెట్టెను మీటరు పక్కనే ఉంచింది. సామాన్లు లారీలో వెళ్లాయి, ఈగలు మాతో బస్సులో. పిన్ని పెట్టె కన్నం మూసి, చీర చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"మూటలో ఏటమ్మా, బుయ్యిమంటంది?" అన్నాడు కండక్టరు.

"రేడియో బాబూ. టేసను దొరకడం నేదు."

క్వార్టర్ల మధ్య దిగాక మాత్రం పిన్నికి దిక్కు తోచలేదు. తన ఊళ్లో తానే దారి తెలియక నిలబడ్డ మనిషిని చూడలేకపోయాను. చేయి పట్టుకుని జీడిచెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. మొదలు నిమిరి, "మా సెట్టు కాదు. మా ఊరి సెట్టే" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, తెల్లారి పెట్టె కన్నం తెరిచి, ఎదురుగా గుబురు రెమ్మ ఒకటి ఆనించింది. ఎందుకన్నాను.

"అడ్డముంటే ఆగుతాయి. సుట్టూ సూసుకుని, ఇదే మనిల్లని నేర్సుకుంటాయి. నేకపోతే పాత దారే ఎతుక్కుంటాయి."

మొదటి ఈగ ఆకుల్లోంచి బయటపడి, పెట్టె చుట్టూ తిరిగి తిరిగి ఎగిరింది. అది కనుమరుగయ్యేదాకా చూసి పిన్ని చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంక నానిటు రాను అమ్మాయ్. నాకూ ఓ రెమ్మ అడ్డమెట్టుకోవాల."

అన్నట్టే మళ్లీ రాలేదు. తేనె పట్టుకుని నేనే సీతమ్మధార వెళ్లేదాన్ని.

తర్వాత ఎన్నో ఇళ్లు మారాం. ప్రతి కొత్త గుమ్మం ముందూ మొదటి పొద్దున ఒక రెమ్మ పెడతాను. ఈ ఫ్లాట్‌కు వచ్చినప్పుడూ పెట్టాను. చెత్తనుకుని వాచ్‌మన్ తీసేశాడు. మళ్లీ పెట్టాను.