రీడింగ్ రూములో బల్బు పీకేశారు

తాండూరులో రాళ్ల పాలిషింగ్ పని ముగించుకుని, ఈ సాయంత్రం పేపరు చదువుదామని మున్సిపల్ రీడింగ్ రూముకు వెళ్లాను. గదంతా చీకటి. బల్బు లేదు.

"కరెంటు పొదుపు చెయ్యాల్నని తీసేసిన్రన్నా," అన్నాడు అటెండరు ఖాజామియా.

పక్కనే ఆఫీసులో మాత్రం లైటు వెలుగుతోంది. "మరి అదో?" అన్నాను.

"గా లైటు పొద్దంత ఉండాల్సిందే. ఆఫీసు గోడలకు కొత్తగ సున్నమేసిన్రు. ఖరాబైతయని ఆర్డర్లన్ని కిటికీ అద్దాలకే అంటిస్తున్నం. పగలు గూడ లోపల చీకటే."

ఆఫీసు లోపలికి వెళ్లి చూశాను. అద్దం మీద, అన్నిటికంటే పైన, కొత్త కాగితం: "పగటిపూట లైట్లు వేయరాదు. కిటికీ వెలుతురు వాడుకోవలెను."

మేము చదువుకునే ఆ ఒక్క గంటే వీళ్ల కళ్లకు దుబారా! ఇవాళ నేను చదవగలిగింది ఆ కాగితం ఒక్కటే. మీ ఊళ్లో ఏ బల్బు పీకారు?