సుమిత్ర మేడం తీసేసిన బొమ్మలు

మొన్న ఫోనుకు కొత్త కవరు వేయించుకుందామని కరీంనగర్ బస్టాండు ఎదురు సందులో ఒక దుకాణానికి పోయాను. దుకాణదారు ప్లాస్టిక్ సంచి చింపి మందపాటి రబ్బరు కవరు బయటికి తీయగానే దాని వాసన ముక్కుకు కొట్టింది. అతనేదో చెబుతున్నాడు గానీ నా చెవికి ఎక్కలేదు. మా గ్రానైట్ యార్డుకు మొదటిసారి ట్యాబులు వచ్చిన రోజు, అట్టపెట్టెలు విప్పినప్పుడు వచ్చింది ఈ వాసనే. ఆ రోజు అందరూ పెట్టెల చుట్టూ మూగితే, నేను మాత్రం దూరంగా రాళ్ల వెనక నిలబడ్డాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. దాచుకునే వయసు దాటిపోయింది.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. యార్డులో నా పని రాయిని చూడటం. క్వారీ నుంచి లారీల మీద వచ్చే గ్రానైట్ బ్లాకు ఒక్కొక్కటి చిన్న గదంత ఉంటుంది. దాని మీద బకెట్లతో నీళ్లు పోసి పక్కన కూర్చోవాలి. ఎండకు రాయంతా ఆరిపోతుంది. లోపల పగులుంటే ఆ గీత ఒక్కటీ తడిగా మిగులుతుంది, వెంట్రుకంత సన్నగా. పగులున్న బ్లాకు మీద నేను ఎర్ర రంగుతో అడ్డగీత పెట్టేవాణ్ని. క్రేన్ నడిపే ఖాజా ఆ గీత చూశాడంటే తాడు తగిలించనిచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్లు అట్లా నడిచింది. దానికి అక్షరాలతో పని లేదు. నాకు రావు కూడా. రావన్న సంగతి యార్డులో ఎవరికీ తెలియదు. కాగితం ఏదైనా నా ముందుకు వస్తే కళ్లద్దాలు ఇంట్లో మరిచానని అనేవాణ్ని. సంతకం మాత్రం ముగ్గు వేసినట్టు గీయడం నేర్చుకున్నాను.

ట్యాబులతో పాటు ఒక అమ్మాయి వచ్చింది. పేరు సుమిత్ర. ఊరు ఇచ్చోడ, కరీంనగర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. మా యార్డుకు కావలసిన యాప్ తయారుచేసే బాధ్యత ఆమెది. వచ్చిన మనిషి కంప్యూటర్ తెరిచి కూర్చుంటుందనుకున్నాను. తెరవలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"కాకా, మూడు రోజులు నీ ఎనకనే తిరుగుత. ఏమనుకోకు."

"నా ఎనక తిరిగి ఏం జేస్తవ్ బిడ్డా? గా పెట్టెల ఏమున్నదో జూసుకోపో."

"పెట్టెల ఏం లేదు కాకా. నువ్వు జేసేది జూసినంకనే దాంట్ల ఏమన్న పెట్టాలె."

మూడు రోజులూ తిరిగింది. నేను నీళ్లు పోస్తే పక్కన కూర్చుంది, రాయి ఆరేదాకా నాతో పాటు ఎండలో ఉంది. రెండో రోజు తడి గీతను నాకంటే ముందు పట్టుకోవాలని చూసి, ఓడిపోయి, నవ్వింది. మూడో రోజు చేసిన పని నేను ఎన్నటికీ మరవను. రాతిపొడిలో చెయ్యి పెట్టి, బకెట్లో ముంచి, ఆ బురద వేళ్లతో ట్యాబు అద్దం మీద నొక్కింది. అది పలకలేదు. మళ్లీ నొక్కింది. పలకలేదు. "నీ చెయ్యి దినమంత గిట్లనే ఉంటది గద కాకా. గీ చెయ్యిని గుర్తు పట్టకపోతే గిది నీకెందుకు?" అని, ఇంకో రకం ట్యాబులు కావాలని పెట్టెలన్నీ వాపసు పంపించింది. నేను నోరు తెరుచుకొని చూశాను. అప్పటిదాకా నా చెయ్యికి పని చెప్పినవాళ్లనే చూశాను గానీ, దాని సంగతేమిటని అడిగిన మనిషిని చూడలేదు.

కొత్త ట్యాబులు తడి వేలికి పలికాయి. యాప్ కూడా వచ్చింది. రాయి ఫొటో తీసి, కొలతలు నోటితో చెబితే అదే రాసుకుంటుంది. నీళ్లకు, కొలతకు ఒక్కో బటన్ వరుసగా వస్తుంది. ఆఖరున రెండు పెద్ద బటన్లు వస్తాయి, రెండూ నీలం రంగే. మొదటి రోజే తాడు కట్టే ఓదెలును పిలిచి, "నీకు సదువొస్తదంటరు గద, గా రెండు సదువు, ఇందాం" అన్నాను. వాడు మురిసిపోయి చదివాడు. పైది పగులు లేదు, కిందిది పగులు ఉంది. నాకు అంతే కావాలి. పైన, కింద అని గుర్తు పెట్టుకున్నాను. నేను నొక్కింది ఖాజా ఫోనులో పడుతుంది. రంగు పూస్తే కొనేవాళ్లకు నచ్చడం లేదని యార్డు యజమాని సేఠు ఎర్రగీతలు మాన్పించాడు. నెల రోజులు నా గుట్టు బయటపడకుండా గడిచింది.

ఒక ఉదయం ట్యాబు తెరిస్తే ఏదో పొడుగు రాత వచ్చింది, కింద ఒక బటన్. పక్కనున్నవాళ్లు చదివి నొక్కారు. నేనూ నొక్కాను. రాత పోయింది. ఆ రోజు మొదటి బ్లాకు మీద నీళ్లు పోశాను. ఆరింది. మూల నుంచి నడుమ దాకా తడి గీత, పాము పాకినట్టు. కింది బటన్ నొక్కి, యార్డు అటు కొసకు ఇంకో రాయి చూడబోయాను. కాసేపటికి తల తిప్పి చూస్తే అదే రాయి క్రేన్‌కు వేలాడుతూ మనిషెత్తు పైన ఉంది. అరిచాను. ఇంజన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. పరుగెత్తాను. నా కళ్ల ముందే ఆ గీత వెంట రాయి రెండుగా విడిపోయింది. సగం కింద పడితే నా పాదాల దాకా నేల అదిరింది. ఓదెలు ఎట్లా దూకాడో దూకాడు. వాడి చెప్పు ఒకటి రాయి కిందే ఉండిపోయింది.

సేఠు వచ్చి ఖాజా మీద పడ్డాడు. "ఎత్తేముందు చూడవా? కళ్లు ఎక్కడ పెట్టుకున్నవ్?"

ఖాజా క్రేన్ దిగి వచ్చాడు. ఫోను ముందుకు చాపాడు. "చూసే ఎత్తిన సేఠ్. గిదో, పగులు లేదని ఉన్నది. జర నువ్వే సదువు."

"లచ్చయ్య కన్ను తప్పది. నువ్వే ఇంకో బ్లాకును చూసి దీన్ని ఎత్తినవ్. రేపటి సంది రాకు."

లచ్చయ్యంటే నేను. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఖాజా నా ముఖం చూశాడు. ముప్పై ఏళ్లుగా నా మాట మీద బరువెత్తిన మనిషి అతను. నేను నేల చూశాను. ఇది చెబుతుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను.

మరునాడు పొద్దున్నే సుమిత్ర ఆటో దిగింది. ట్యాబు నా చేతికిచ్చి, ఒక మామూలు రాయి చూపించి, రోజూ చేసినట్టే చేయమంది. చేశాను. ఆ రాయికి పగులు లేదు. నా వేలు దానంతటదే పైకి పోయింది. ఆమె నా వేలు చూడలేదు, నా కళ్లు చూసింది. అవి అద్దం మీద అక్షరాల దగ్గర ఆగలేదు.

"కాకా, నీకు సదువు రాదు గద."

ముప్పై ఏళ్లలో ఎవరూ అడగని మాట. అబద్ధం నోటిదాకా వచ్చింది. కళ్లద్దాల సంగతి. మింగేశాను.

"రాదు."

"పగులు ఉందనేది అందరికి ముందుగాల కనవడాలెనని దాన్ని పైకి తెచ్చిన. రాత పెట్టిన, సదువుకుంటరు అనుకున్న. ఇక్కడికొచ్చి నిన్ను అడుగలే." ట్యాబు వెనక్కి తీసుకుంది. "నీ ముచ్చట నేనెవ్వలకు చెప్ప. అది నీది. నాది మాత్రం నేను చెప్పాలె, ఖాజా భాయిని పంపిస్తుండ్రు."

యార్డు ఆఫీసు గది ముందు అందరం ఉన్నాం. ఖాజా సంచి భుజానికి వేసుకొని నిలబడ్డాడు. సుమిత్ర సేఠు ఎదుటికి పోయి, గొంతు ఎత్తకుండా, దించకుండా చెప్పింది. "తప్పు నాది సార్. బటన్ల జాగలు మార్చిన. మార్చేముందు వీళ్లను అడగలే. ఖాజా భాయి ఫోనుల వచ్చింది జూసే ఎత్తిండు." సేఠు అరిచాడు. మీ ఆఫీసుకిచ్చిన పని తీసేస్తా అన్నాడు, నీ ఉద్యోగం పోగొడతా అన్నాడు. ఆమె కదల్లేదు. నా వైపు ఒక్కసారైనా చూడలేదు. చూసి ఉంటే నేను మళ్లీ నేల చూసేవాణ్నేమో. చూడలేదు కాబట్టే నాకు తప్పించుకోబుద్ధి కాలేదు. నా బిడ్డ వయసు పిల్ల తన వంతు తప్పు తాను మోసుకుంటూ నిటారుగా నిలబడితే, నా వంతు నేను ఆమె మీదికి నెట్టి ఊరుకోవడమా?

"సేఠు, నాకు సదువు రాదు. పైన, కింద అని యాదుంచుకొని నొక్కుతున్న. గా రాయికి పగులున్నదని నాకు తెలుసు. నొక్కింది నేను."

ఓదెలే ముందు నోరు విప్పాడు. "అయ్యో కాకా, మరి నాతోటి సదివిపిచ్చినవ్ గదనే! నా సదువు జూసి మెచ్చుకున్నవనుకున్న." ఖాజాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకొని సంచి దించాడు. సేఠు నన్ను తిట్టిన తిట్లు చెప్పను. పొమ్మని మాత్రం అనలేదు, ఖాజాను కూడా అనలేదు.

తరువాత జరిగింది నాకిప్పటికీ వింతే. సుమిత్ర ప్రతి బటన్ పక్కన ఒక బొమ్మ పెట్టింది. నీళ్లకు బకెట్టు, కొలతకు టేపు, పగులుకు చీలిన రాయి. "గిప్పుడు ఫికర్ లేదు" అన్నాను. "ఉన్నది కాకా. ప్రతి సోమవారం నేనొచ్చి ఒక్క బొమ్మ తీసేస్త. ఏది తీసేది నువ్వే చెప్పాలె" అంది. మొదటి సోమవారం భయపడుతూ బకెట్టు తీసెయ్యమన్నాను. వారమంతా 'నీళ్లు' అన్న మాటను చూశాను, వేలితో రాతిపొడిలో గీశాను. మాట మీద తడి ఉందా అన్నంత సేపు చూశాను. పట్టుబడింది. ఇంకో వారం టేపు పోయింది. నన్ను బడికి పంపలేదు, పలక ఇవ్వలేదు, అందరిలో కూర్చోబెట్టి అ, ఆ అనిపించలేదు. నా పని లోపలే నాకు అక్షరాలు దొరికేటట్టు చేసింది. ఒక మనిషి కోసం యాప్‌ను వారం వారం మార్చడానికి ఆ ఆఫీసులో ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు.

అన్ని బొమ్మలూ పోయినా చీలిన రాయి మాత్రం ఉండిపోయింది. దాన్ని తీసెయ్యమనడానికి నాకు ధైర్యం చాలలేదు. సుమిత్ర రెండు సోమవారాలు వచ్చి, నా ముఖం చూసి, బొమ్మను ఉంచేసి వెళ్లింది. మూడో సోమవారం తనకు వేరే ఊళ్లో పని దొరికిందని చెప్పింది. ఖాజా క్రేన్ కింద నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి, "తియ్యి బిడ్డా" అన్నాను. తీసింది. ట్యాబు నా చేతికిచ్చి, "గట్టిగ సదువు కాకా. ఖాజా భాయికి ఇనపడాలె" అంది. పగులు ఉంది, పగులు లేదు, రెండూ చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఖాజా నిచ్చెనెక్కి క్రేన్‌లో కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ యాప్ లేదు. ఇంకెవరో ఇంకోటి తెచ్చారు, ఏడాదికోసారి మారుతోంది, ఏ బటన్ ఎక్కడ ఉంటుందో దానికే తెలియదు. ఉండనీ. నేను నొక్కేముందు దాని మీద ఉన్న మాటను యార్డంతా వినేటట్టు చదువుతాను. కొత్తగా వచ్చినవాళ్లు ముసలాయనకు చెవుడని అనుకుంటారు. ఖాజా మాత్రం ఫోనులో ఏమున్నా సరే, ఇంజన్ ఆపి చెవి ఇటు పెడతాడు. నా గొంతు వినపడిన తరువాతే బరువు లేస్తుంది.