శ్రీ, చుక్క మానేసిన పంతులుగారు

మా పంతులుగారు పోయారు. రాజోలు వైపు కొబ్బరికాయల కోసం వచ్చిన పడవ సరంగు మా బడి అరుగు దగ్గర ఆగి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "మీ పంతులుగారు కాలం చేసేరండి. మొన్న మధ్యాన్నం భోంచేసి నడుం వాల్చేరంట, మరి లేవలేదండి" అని చెప్పాడు. నేనప్పుడు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. నేను ఆగిపోయాను గాని వాళ్ళు ఆగలేదు, ఎక్కం చివరికంటా చెప్పేశారు. చెప్పనిచ్చాను. సగంలో ఆపితే ఆయనకు గిట్టేది కాదు. తరవాత నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు పోసుకుని, ఆ పడవలోనే బయల్దేరాను.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. అమలాపురానికి దిగువన, ఆనకట్ట కట్టాక తవ్విన కొత్త కాలవ ఒడ్డున ఉన్న ఊళ్ళో, తన ఇంటి అరుగు మీద బడి చెప్పుకుంటూ బతికిన మనిషి. అలాంటి పంతుళ్ళు కోనసీమలో వీధికొకరున్నారు. కాని రేపు పంతుళ్ళు కాబోయేవాళ్ళకు పని నేర్పిన పంతులు నాకు తెలిసినంతలో ఈయనొక్కరే. ఆ నేర్పడం కూడా తిక్కగా ఉండేది. ఆ తిక్క గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బడి చెప్పడం నేర్చుకుందామని వచ్చినవాడికి ఆయన బెత్తం ఇచ్చేవారు కారు, పిల్లల దగ్గర కూర్చోనిచ్చేవారు కారు. "ఓ ప్రశ్న తెచ్చుకో" అనేవారు. బడుల్లో ఇవాళ ఏది చెడుతోందో, ఏది అంతుపట్టడం లేదో, అందులోంచి ఒకటి మనమే ఎంచుకోవాలి. ఎవరి సాయమూ లేకుండా ఊళ్ళు తిరిగి, కనపడ్డవాణ్ణల్లా అడిగి, కళ్ళతో చూసి తెలుసుకోవాలి. పంతులుగారిని మాత్రం అడగకూడదు. తెలుసుకున్నాక ఒకరోజు సాయంత్రం అరుగెక్కి అందరి ముందూ చెప్పాలి. మనం ఎవరెవరిని అడిగామో వాళ్ళంతా వచ్చి వాకిట్లో కూర్చునేవారు. తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దేవారు. ఆ గండం గడిచాకే పిల్లల ముఖం చూడనిచ్చేవారు.

నాకు ముందు వచ్చిన కాట్రేనికోన ఆయన, కోతలకు పోయిన పిల్లలు బడికి తిరిగొచ్చేసరికి ఏవి మరిచిపోతున్నారన్న ప్రశ్న పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగాడు. పద్యాలు మరిచిపోయారుట, లెక్కలు మరవలేదుట. కళ్ళంలో కుంచాలు కొలిచినవాళ్ళు లెక్కలెందుకు మరుస్తారు? అది విన్నాక పంతులుగారు కోతల నెలల్లో పద్యాలు చెప్పడం తగ్గించి, తరవాత మళ్ళీ మొదటి నుంచి చెప్పేవారు.

ఆయనకు పొడుం అలవాటు. ఎవరైనా మాట్లాడుతూ "అందరూ అంటున్నారండి" అన్నారో, ముక్కు దాకా వెళ్ళిన చెయ్యి కిందికి దిగేది. "అందరూ అంటే ఎవరెవర్రా? పేర్లు చెప్పు" అనేవారు. ఆ పేర్లు చెప్పేదాకా పొడుం పీల్చేవారు కారు. పాపం, మా మూలంగా ఎన్ని చిటికెల పొడుం గాలికి పోయిందో. ఎండైనా వానైనా గొడుగు చంకలోనే ఉండేది, ఎప్పుడు విప్పారో నేను చూడలేదు. అయిదేళ్ళ పిల్లాణ్ణి కూడా "ఏవండీ బాబుగారూ, తమరు ఇవాళ ఇసకలో ఏం రాశారండీ" అని పలకరించేవారు. అంత మర్యాదస్థుడు బెత్తం ఎలా పట్టేవారా అని మీకు అనిపించవచ్చు. పట్టేవారు. ఆ రోజుల్లో పట్టని పంతులు లేడు.

నాది కొత్తపేట దగ్గర. అక్కడొకరు తమ అరుగు ఇస్తాం, వచ్చి బడి పెట్టుకోమన్నారు. అందుకని నాకు తొందర. ఎక్కువ తిరగక్కర్లేని ప్రశ్న కావాలి. ఎదురుగా కనపడుతున్నది పట్టుకున్నాను. మన బడుల్లో పద్ధతి మీకు తెలుసు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో శ్రీ రాస్తారు. రెండోవాడికి చుక్క పెడతారు. ఆ తరవాత వచ్చినవాడికి ఒక దెబ్బ, వాడి వెనక వచ్చినవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. ఆఖరివాడి చెయ్యి ఎర్రగా ఉబ్బిపోతుంది. శ్రీ ఎవరికి దక్కుతోంది, దెబ్బలు ఎవరికి పడుతున్నాయి, ఎందుకు? ఇదీ నా ప్రశ్న. మర్నాడే జవాబు కూడా తెచ్చేశాను.

"బుద్ధిమంతులు పెందరాళే లేస్తారండి, వాళ్ళకి శ్రీ. బద్ధకస్తులకి దెబ్బలండి."

"ఎవర్నడిగేవురా?" అన్నారు.

"అడగడానికేవుందండి, తెలిసిందే కదండీ."

"తెలిసిందే అయితే నా దగ్గరికెందుకొచ్చేవు? కొత్తపేట పోయి బడెట్టుకో. తెలిసిందే అనుకున్నచోటే మళ్ళీ అడగాలి. ఫో, అడుగు."

నాకు ఒళ్ళు మండింది. మండితే మాత్రం ఏం చేస్తాను, బయల్దేరాను. శ్రీ ఎక్కువగా కరణంగారి పెద్దబ్బాయికి దక్కేది. వాళ్ళ ఇల్లు అరుగుకు ఎదురుగానే ఉంది. లేచి, ముఖం కడుక్కుని, వీధి దాటితే బడి. దెబ్బలన్నీ తినేవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయని ఆరా తీస్తే, ఒక్కటీ ఈ గట్టున లేదు. అన్నీ కాలవ అవతల ఉన్నాయి.

కాలవ తవ్వకముందు అదంతా ఒకటే ఊరు. కొబ్బరితోటల్లోంచి నడిచి వచ్చేసేవారు. కాలవ పడ్డాక ఊరు రెండు ముక్కలైంది. మధ్యన ఒకటే బల్లకట్టు. పొద్దున్నే అవతలి రేవుకు వెళ్ళి నిలబడ్డాను. ఇంకా మసకగానే ఉంది, పిల్లలు అప్పటికే వచ్చి గట్టు మీద చలికి ముడుచుకుని కూర్చున్నారు. బల్లకట్టు వచ్చింది, పాలకుండలు ఎక్కాయి. మళ్ళీ వచ్చింది, నాట్లకు పోయే ఆడవాళ్ళు ఎక్కారు. ఆ తరవాత కూరగాయల గంపలు. బాగా పొద్దెక్కాక, ఎక్కేవాళ్ళెవరూ లేరనుకున్నప్పుడు, బల్లకట్టు నడిపే అతను పిల్లల్ని ఎక్కించుకున్నాడు. ఇవతల దిగి వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కరణంగారబ్బాయి అరచేతిలో శ్రీ ఆరిపోయి ఉంది.

ఆ పిల్లల్లో కొంతమంది అప్పటికే రావడం మానేశారు. ఇంకొంతమంది మానేసేలా ఉన్నారు. పడవ నడుపుకునే ఒకాయన్ని మీవాణ్ణి ఎందుకు మానిపించారని అడిగితే, "దెబ్బలు తినడానికి రేవు దాటించి పంపాలేంటండి? ఆ దెబ్బలేవో నేనే ఏస్తాను, ఇంటికాడే ఉంటాడు" అన్నాడు. ఆయన భార్య మాత్రం పెనం దింపి బయటికొచ్చి, "మావోడికి చదువంటే పానవండి. ఇప్పటికీ గట్టుమీద కూకుని ఇసకలో రాసుకుంటాడండి" అని ఏడ్చింది. ఇంకొక్క వర్షాకాలం గడిస్తే అవతలి గట్టున చదువుకునే పిల్లాడు ఉండడు. అది ఆపాలంటే నేను అరుగెక్కి చెప్పాలి. చెబితే తప్పు పడేది ఎవరి మీద? బెత్తం ఎవరి చేతిలో ఉంది?

చెప్పాను. వాకిట్లో పడవవాళ్ళున్నారు, బల్లకట్టు అతనున్నాడు, ఎదురింటి అరుగు మీద కరణంగారున్నారు. పంతులుగారు అంతా విని, బల్లకట్టు అతని వైపు తిరిగి, "నిజవేనా?" అన్నారు.

"ఆయ్, నిజవేనండి. పిల్లకాయలు ఆఖర్నేనండి. పాలోళ్ళని ఆపితే పాలు ఇరిగిపోతాయండి, కూలోళ్ళని ఆపితే కూలి పోద్దండి. తవరే చెప్పండి, ఎవర్ని దించమంటారు?"

పంతులుగారి చేతిలో పొడుం అలాగే ఉంది. ఆఖరికి, "శ్రీ, చుక్క మా గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన రోజుల్లో కాలవ లేదు. కాలవ తవ్వుతుంటే రోజూ వెళ్ళి చూసినవాణ్ణి, బడికి అడ్డంగా తవ్వుతున్నారని మాత్రం నాకు తట్టలేదు" అన్నారు. తరవాత నా వైపు చూసి, "కరణంగారిని అడిగేవా?" అన్నారు. అడగలేదన్నాను. "ఒక గట్టునే అడిగి వచ్చేవన్నమాట. బాగానే ఉంది, సగం చేశావు" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాటి నుంచి శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బలూ లేవు. అంతటితో ఊరుకోలేదు. పొద్దుటి బడిని అవతలి గట్టుకు మార్చారు. ఇవతలికి కిక్కిరిసి వచ్చే బల్లకట్టు, అవతలికి ఖాళీగానే వెళుతుంది కదా. ఆ ఖాళీ బల్లకట్టు మీద ఈయన గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళి, కొబ్బరాకుల పాకలో బడి చెప్పి, మధ్యాన్నం తిరిగొచ్చి తన అరుగు మీద రెండో బడి చెప్పేవారు. ఆ వయసులో రెండు బడులు. పడవవాళ్ళ అబ్బాయి మొదటి రోజే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ఇవతలి గట్టున గోల మొదలైంది. బెత్తం లేని బడి ఏం బడండి అని కరణంగారు కొడుకుని అమలాపురంలో దొరతనంవారి బడికి పంపేశారు. ఆయన్ని చూసి ఇంకొందరు పంపేశారు. ఆ ఏడు జీతం కింద ఇంటికి రావలసిన ధాన్యం రాలేదు. పంతులమ్మగారు మజ్జిగ పల్చగా పోస్తూ, "శ్రీ తీసేస్తానన్నారు, తీసేసేరు. ఆవిడ వెళుతూ వెళుతూ మన గాదె కూడా చూసిపోయింది నాయనా" అని నాతో అని నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. తిట్టుకున్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఇంకొకరైతే కరణంగారి గుమ్మం తొక్కేవారు కారు. ఈయన తొక్కారు. "మీరెందుకు మానిపించేరో నాకు తెలియాలండి. తెలియకపోతే రేపు ఈ కుర్రాళ్ళకేం చెప్పను?" అని అడిగారు. నేను వెనకే ఉన్నాను. కరణంగారు కాస్త మెత్తబడి, "నేను దెబ్బలు తినే ఇంతవాణ్ణయ్యేనండి. మావాడికి భయం లేకపోతే రేపు కరణీకం ఎలా చేస్తాడండి? నా భయం నాది" అన్నారు. పంతులుగారు వాదించలేదు. ఆ సాయంత్రం తానే అరుగెక్కి, కరణంగారు చెప్పిన మాటలు వెటకారం లేకుండా, ఆయన చెప్పినట్టే చెప్పారు. కరణంగారు ఎదురింట్లోంచి వింటూనే ఉన్నారు. దిద్దడానికి ఆయనకేమీ దొరకలేదు. కొన్నేళ్ళకు, కారణం చెప్పకుండానే, తన చిన్నకొడుకుని అవతలి గట్టు బడికి పంపారు. పంతులుగారూ కారణం అడగలేదు. అడగనిది అదొక్కటేనేమో.

నేను కొత్తపేటలో కొన్నాళ్ళు, తరవాత రాజోలు దగ్గర బడి పెట్టుకున్నాను. ఎప్పుడు వెళ్ళినా, "కొత్తగా ఎవర్నడిగేవు?" అనేదే ఆయన కుశలప్రశ్న. నా ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. దానికి లోపల కష్టపెట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు.

పడవ దిగి ఇంటికి వెళ్ళేసరికి పొద్దెక్కింది. పంతులమ్మగారు గోడకు చేరగిలబడి ఉన్నారు. నన్ను చూసి, "వచ్చేవా నాయనా" అన్నారు, కాసేపు ఇద్దరం ఏడ్చాం. కళ్ళు తుడుచుకుని, "ఓసారి అవతలికెళ్ళి చూసిరా. పోయేరని తెలిసినా పిల్లలు రోజూ వస్తున్నారంట. వెళ్ళిపొమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేదంట" అన్నారు.

ఖాళీ బల్లకట్టు మీద దాటాను. పాకలో పిల్లలు వరసగా కూర్చున్నారు. పంతులు లేడు. పడవవాళ్ళ అబ్బాయికి మీసకట్టు వస్తోంది, చిన్నవాళ్ళ వేళ్ళు పట్టుకుని ఇసకలో దిద్దిస్తున్నాడు. నేను బయటే నిలబడిపోయాను. ఇంతలో మరోసారి బల్లకట్టు వచ్చింది. కరణంగారి చిన్నబ్బాయి దిగాడు. వాణ్ణి ఏ పాలకుండా ఆపలేదు. బారెడు పొద్దెక్కేదాకా పడుకుని, నిద్రముఖంతో, జుట్టు ముడి ఊడిపోయి వచ్చాడు. పాకలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. పడవవాళ్ళ అబ్బాయి తను దిద్దిస్తున్న అక్షరం పూర్తి చేసి, కాస్త పక్కకు జరిగి, వాడి ముందు ఇసక చదును చేశాడు.