మా వదిన పెట్టిన గొర్రెల కొలువు

మా వదిన నాగవేణి గురించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు, ఎక్కడ ఆపాలో అసలే తెలియదు. ఆడబిడ్డ వదినను పొగుడుతోందంటే వెనక ఏదో మతలబు ఉంటుందని మా ఊళ్లో అనుకుంటారు. అనుకోనీ. చాపాడు పక్కన మా పల్లెలో, గొర్రెల మీద బతికిన మా ఇంట్లో, దసరాకు మొట్టమొదటి బొమ్మల కొలువు పెట్టిన మనిషి ఆమె. నేను కాకపోతే ఆమె గొప్ప ఎవరు చెప్పాలి?

వదిన పుట్టిల్లు జమ్మలమడుగు. చిన్నప్పుడు వాళ్లమ్మ అక్కడ పద్మనాభయ్య అనే అయ్యవారి ఇంటికి పాలు పోసేది. దసరా రోజుల్లో పాలచెంబు తీసుకుని వదినే పోయేదట. అయ్యవారి భార్య రాధమ్మ కొలువు చూపించి, నుదుటన బొట్టు పెట్టి, చేతినిండా గుగ్గిళ్లు పోసేది. గుగ్గిళ్లు తినడం మరిచిపోయి మెట్ల మీది బొమ్మల్నే చూస్తూ నిలబడిపోయేదాన్నని వదిన ఇప్పటికీ చెబుతుంది. మా ఇంటికి కోడలుగా వచ్చాక, ఏటా దసరా దగ్గరపడగానే మా అమ్మను ఒకే మాట అడిగేది.

"అత్తా, మనం గూడా కొలువు పెడదామా?"

మా అమ్మ రామసుబ్బమ్మ పేరుకే మెత్తన. "మనకు ఆనవాయితీ లేదు మే. ఒకసారి పెడితే ఏడాదేడాదికీ పెట్టాల. నడమ ఆపినామంటే ఇంటికి మంచిది కాదు. దసరాకు మంద యాడుంటాదో, మనం యాడుంటామో!"

అమ్మ మాటలో అబద్ధం లేదు. దసరా నాటికి మా నాయన యల్లయ్య, అన్న తిరుపాల్ గొర్రెల్ని తోలుకుని సింహాద్రిపురం వైపు చీనీ, అంటే బత్తాయి తోటలకు పోతారు. ఎరువు కోసం తోటలవాళ్లు మందను తమ దగ్గర నిలుపుకుంటారు. ఒక్కోసారి వంట చేసిపెట్టడానికి ఆడవాళ్లూ వెంట పోవాల్సిందే. తాళం వేసిన ఇంట్లో కొలువు ఎవరు పెడతారు? అందుకే వదిన ఎదురు చెప్పేది కాదు. అలాగని ఆశ వదులుకునేదీ కాదు.

పోయిన ఏడాది మాత్రం అడగడం మానేసి చెరువుకు పోయి మట్టి తెచ్చింది. నేను ప్రొద్దుటూరులో కాపురం ఉంటాను కాబట్టి సంగతి ఫోనులో తెలిసింది. "అమ్మతో అడిగితివా?" అన్నాను. "బొమ్మలు చేస్తాండా అంతే. చేస్తే తప్పు ల్యాదు గదా" అంది. మా వదిన తెలివి అలాంటిది.

మట్టి పగలకుండా ఉండాలంటే అందులో ఏదైనా పీచు కలపాలని ఎవరో చెప్పారట. గొర్రెలోళ్ల ఇంట్లో పీచంటే ఏముంటుంది? గొర్రెబొచ్చు! కత్తిరించిన బొచ్చంతా మట్టిలో వేసి తొక్కి, బొమ్మలు చేసి, ఎండబెట్టి, గుంటలో ఎండిన గొర్రెపెంటికలు పరిచి కాల్చింది. కమురు వాసన ఊరు ఊరంతా కమ్మేసింది. ఎవరింట్లో ఏం తగలబడిందోనని జనం పరుగెత్తుకొచ్చారు. బూడిద తీసి చూస్తే ఒక్క బొమ్మ కూడా సరిగ్గా లేదు. బొచ్చు ముద్దగా ఉన్న చోటల్లా పగిలిపోయాయి.

"చూసినావా? అమ్మోరికే ఇష్టం ల్యాదు" అంది మా అమ్మ.

"అమ్మోరికి ఏం కోపం ల్యాదత్తా. బొచ్చు కలిపింది నేను" అని వదిన మళ్లీ చెరువుకు పోయింది.

ఈసారి బొచ్చు జోలికి పోలేదు. సన్న ఇసుక, ఊక కలిపింది. ప్రతి బొమ్మకూ అడుగునుంచి టీ చెంచాతో మట్టి తోడేసి లోపల బోలు చేసింది. ఎండలో పెట్టకుండా వసారా నీడలో ఆరబెట్టింది. పక్కింటి ఫాతిమా వచ్చి, కాలిన బొమ్మలకు రంగులు పూయడంలో చేయి కలిపింది. ఇద్దరూ కలిసి నవ్వుకుంటూ, వాదులాడుకుంటూ పని ముగించారు.

ఆ ఏడు అమ్మా వదినా మంద వెంట పోలేదు. వానకు గోడ పడితే కట్టించుకుంటూ ఇంట్లోనే ఉండిపోయారు. పండుగ మొదటిరోజు నేనూ ఊరికి పోయాను. వదిన ట్రంకు పెట్టెలు, పీటలు పేర్చి మూడు మెట్లు కట్టి, తన పెళ్లిచీర పరిచింది. పైన కలశం, అమ్మవారు. నడుమ గొంగళి కప్పుకున్న ముసలాయన, పక్కన బుట్ట నెత్తిన పెట్టుకున్న ముసలామె. కింది మెట్టంతా గొర్రెలు. ఇంట్లో ఇంత పండుగ జరుగుతుంటే మా అమ్మ మాత్రం గొర్రెపిల్లల కొట్టంలో కూర్చుని చెత్త ఊడుస్తోంది. లోపలికి రమ్మంటే పని ఉందంది. వదిన పళ్లెంలో పసుపు కుంకుమ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. ఇంటి పెద్దామె వచ్చి బొట్టు పెట్టనిదే దీపం వెలిగించనని ఆమె పట్టు. అమ్మ రాకపోతే కొలువు లేనట్టే. నాకు అమ్మ మీద మహా కోపం వచ్చింది.

వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. కింది మెట్టు చూసి ఫాతిమా కూతురు ఆర్షియా పకపకా నవ్వింది. "నాగవేణత్తా, గొర్రెలకు తలకాయలేవీ?"

నిజమే. గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి గుంపుగా ఉన్నాయి. పైనుంచి చూస్తే వీపులే. నేనూ ఊరుకోలేదు. "ఏం వదినా, తలకాయలు చేసే ఓపిక లేకపోయిందా?" అన్నాను.

ఆ మాట కొట్టం దాకా వినబడినట్టుంది. చీపురు చేతిలో ఉండగానే మా అమ్మ విసవిసా లోపలికి వచ్చింది.

"ఎవుర్మే నవ్వేది? మిట్టమధ్యాన్నం ఎండకు గొర్రెలు అట్లే నిలబడతాయి. దాని నీడలో ఇది, దీని నీడలో అది తలకాయ దాచుకుంటాయి. గొర్రెలోళ్ల ఇంట్లో పుట్టి నీకు గూడా తెలీదంటే ఏంది మల్లికా?"

 అమ్మ మెట్ల ముందు కూర్చుండిపోయింది. గొర్రెల్ని, ఆ తరువాత గొంగళి కప్పుకున్న ముసలాయన్ని చాలాసేపు చూసింది. "మీ మామ మాదిరే చేసినావు గదమ్మే" అంది వదినతో. ఆ గొంతు అంత మెత్తగా నేనెన్నడూ వినలేదు. మరుక్షణమే మళ్లీ మా అమ్మే అయింది. "మంద ఉండాది, కుక్క యాడ? కుక్క ల్యాకుండా మందను ఎవురు కాస్తారు? మట్టి మిగిలిందా?"

వదిన పరుగున పోయి మట్టిముద్ద తెచ్చింది. అమ్మ చీపురు పక్కన పడేసి కుక్కను చేసింది. పిల్లిలాగా వచ్చింది గానీ అనే ధైర్యం ఎవరికుంది? పచ్చిమట్టి బొమ్మనే మంద పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కోడలికి బొట్టు పెట్టింది. అప్పుడు వదిన దీపం వెలిగించింది.

దసరా ఉన్నన్నాళ్లూ అమ్మ ఆ కొలువు దగ్గర నుంచి లేవలేదు. వచ్చినవాళ్లందరికీ గొర్రెల సంగతి తానే చెప్పింది, వదినకు నోరు తెరిచే వీలివ్వకుండా. ప్రొద్దుటూరు నుంచి మా ఇంటిపక్కవాళ్లు వస్తే, "మా కోడలు చేసింది" అని పదిసార్లయినా అని ఉంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా వదిన వంటింట్లోకి పోయి నవ్వుకునేది. నాకైతే ఆమె వదినైనందుకు ఊరంతా చాటింపు వేయించాలనిపించింది.

విజయదశమినాడు ముగింపు గుర్తుగా ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ఎత్తారు. అమ్మ బొమ్మల్ని పాతచీరల్లో చుట్టి పెట్టెలో సర్ది, సింహాద్రిపురంలో ఉన్న మా నాయనకు నాతో ఫోను కలిపించి, నా చేతిలోంచి లాక్కుంది.

"ఏమయ్యా, వచ్చే దసరాకు మంద ఆడికి పోదు. ఈడ్నే చాపాడు చేలల్లో నిలుపుకోండి. తోటలోళ్లకు ఇప్పుడే చెప్పేయి."

అవతల మా నాయనకు ఏమీ అర్థం కాలేదు. "ఎందుకు? ఏమైంది?" అని అరుస్తున్నాడు.

"ఇంట్లో కొలువుండాది" అంది అమ్మ. "ఎవురి కొలువని అడుగుతావేంది? మనది."