రాజమణి చుట్టిన రాగితీగ

యాకుత్‌పురా రాజమణి చదివింది మూడో తరగతి. అయినా పెద్ద డిగ్రీల ఇంజినీర్లు ఆమె బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవారు. చిన్ననాటి నుంచి చీరల మీద జరీ పని చేసిన వేళ్లు మరి! వెంట్రుక కంటే సన్నని రాగితీగను వేలెడంత మోటారులో తెగకుండా చుట్టాలంటే ఆమె పనిచేసే పరిశోధనశాలలో ఆమె తరువాతే ఎవరైనా. ఉపగ్రహం మీద యాంటెన్నా తిప్పడానికి ఒక మోటారు, గుండె ఆపరేషన్ వేళ రోగి రక్తాన్ని నడిపే పంపుకు ఇంకొకటి.

1978 నాటికి ఆమె ఇంకా రోజుకూలీయే. వచ్చే నెల పర్మినెంటు చేయిస్తానన్నారు ఆమె పైఅధికారి వైకుంఠం సార్. ఆయన పెట్టిన నియమం ఒక్కటే, చేతితొడుగులు తీయకూడదు. తొడుగు వేసుకుంటే తీగ వేలికి తెలియదని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? ఎవరూ చూడనప్పుడు ఆమె తొడుగు తీసేసేది. జరీ దారాన్ని తడిపినట్టే తీగ కొసను పెదవులతో తడిపి లోపలికి దూర్చేది. ప్రతి మోటారూ పరీక్షల్లో నెగ్గుతుంటే అది తప్పని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

పరీక్షలన్నీ అయి రెండు నెలలుగా బల్ల మీద ఉన్న ఉపగ్రహం మోటారు ఒక మంగళవారం తిరగనని మొరాయించింది. విప్పి చూస్తే సరిగ్గా తీగ కొస దగ్గర పచ్చటి చిలుము. ఉప్పు తగిలితేనే ఇలా పడుతుంది, ఇక్కడ ఉప్పెక్కడిదని సార్ తల పట్టుకున్నారు. ఉమ్మిలోనూ ఉప్పుంటుందని రాజమణికి అప్పుడు తట్టింది. దానితోపాటే చుట్టిన ఇంకో మోటారు ఆస్పత్రి పంపులో ఉంది. మర్నాడే బహదూర్‌పురా రిక్షావాలా ఓదెలుకు దానితో ఆపరేషన్. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది, ఓదెలు మాత్రం ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు.

“సార్, తప్పు నాదే. నోటితోని తడిపిన,” అంది. “దవాఖానల ఉన్నది గూడ గట్లనే చుట్టిన.”

“ఇన్నేండ్లు గిదా నువ్వు చేసింది!” అంటూనే ఆయన ఫోను అందుకుని ఆపరేషన్ ఆపించారు. “పర్మినెంటు సంగతి ఇంక మరిచిపో. ముందు కూసో, కొత్తది చుట్టు. నువ్వు తప్ప ఎవ్వరున్నరు?”

తొడుగులు తీయకుండా చుట్టింది. రెండుసార్లు తెగింది. ఏడుస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఐదోరోజు మధ్యాహ్నానికి మోటారు తిరిగింది. సార్ దాన్ని పట్టుకుని బయల్దేరబోతుంటే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. విని, మోటారును మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

“ఓదెలు పొద్దుగాల పోయిండట. పాతదాంతోని చేసినా బతికేటోడు కాదు. ఫికర్ చెయ్యకు.”

“అది మీకెట్ల ఎరుక సార్?”

ఓదెలు మొహమైనా ఆమె ఎరగదు. అయినా ఆ చావు తన చేతిదేనని బతికినన్నాళ్లూ నమ్మింది.